నాయిన పేరు నుంచి అమ్మ పేరుకు: రైతుభరోసా వెంట పదకొండున్నర నెలలు

2025 ఫిబ్రవరి 12, బుధవారం. చీకటి పడే వేళకు మా నాయిన ఫోను టింగుమంది. నాయిన పోయి అప్పటికి డెబ్బై ఒక్క రోజులు. ఫోను మాత్రం టీవీ పక్కన, ఆయన పెట్టే చోటే, చార్జింగులో ఉండేది. అమ్మ తీయనివ్వలేదు. బటన్ల మీది అంకెలు అరిగిపోయిన చిన్న ఫోను అది. తెరిచి చూస్తే బ్యాంకు మెసేజ్. ఖాతాలో 17,100 రూపాయలు జమ. యాసంగి రైతుభరోసా, అంటే పంట పెట్టుబడికి తెలంగాణ సర్కారు పట్టాదారుకు ఇచ్చే డబ్బు. ఎకరాకు ఆరు వేల చొప్పున మా రెండెకరాల ముప్పై నాలుగు గుంటలకు లెక్క సరిగ్గా ఉంది. మనిషి లేడు, లెక్క మాత్రం గుంట తప్పలేదు.

"ఏమొచ్చిందిరా?" అంది అమ్మ పొయ్యి కాడి నుంచి. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంకా ఎవ్వలు చెప్పలేదా?" అంది. సర్కారుకు చెప్పలేదనా, నాయినకు చెప్పలేదనా, నాకు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి అదే డబ్బు అమ్మ పేరు మీద పడడానికి మేం తిరిగిన తిరుగుడు ఇది. మాది ఉమ్మడి వరంగల్ జిల్లా, పత్తీ వరీ. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను, కాబట్టి ప్రతి పనికీ ఒక సెలవు, రెండు బస్సులు. ఇంట్లో పెద్దదిక్కు పోయి, పట్టా ఆయన పేరు మీదే ఉన్నవాళ్లు ఇది చదివితే కనీసం రెండు మూడు తిరుగుళ్లయినా తప్పుతాయని తేదీలతో సహా రాస్తున్నా.

నాయిన 2024 డిసెంబర్ 3న పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోయి చావు రాయించాను. 21 రోజుల లోపు రాయిస్తే చిక్కు లేదు, దాటితే దానికి ఇంకో తతంగం అని మా పక్కింటి కాక చెప్పాడు. ఏడాది మొత్తంలో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే అనిపిస్తుంది. అయితే అక్కడే మొదటి తప్పు చేశా. కార్యదర్శి "పేరు ఎట్ల రాయాలె?" అంటే నాయిన ఆధార్ చూపించాను. ఆధార్‌లో ఇంటిపేరు లేదు. పట్టాదారు పాసుబుక్కులో ఇంటిపేరుతో సహా ఉంది. ఆ ఒక్క మాట తేడా మూడు నెలల తర్వాత మార్చిలో కొట్టింది. "ఈ పేరున్న మనిషీ ఆ పేరున్న మనిషీ ఒక్కరే" అని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. మీరు పోయేటప్పుడు పాసుబుక్కు కూడా పట్టుకెళ్లండి, రెండిట్లో ఎలా ఉందో చూసి రాయించండి. సర్టిఫికెట్లు ఒకటి కాదు, ఐదు అడగండి. ప్రతి కౌంటరు దగ్గరా ఒరిజినల్ కావాలంటారు.

రైతుబీమా గురించి చాలామంది అడిగారు. ఐదు లక్షలు వచ్చాయా అని పరామర్శకు వచ్చినవాళ్లే అడిగారు. రాలేదు. అది 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే. నాయినకు ఆధార్ ప్రకారం 67. అమ్మ పేరు మీద పట్టా అయ్యాక ఆమెకైనా వర్తిస్తుందేమో అనుకున్నా. ఆధార్‌లో ఆమె పుట్టింది 1964 జనవరి 1న, అంటే ఆమెకూ 59 దాటాయి. మా ఊళ్లో సగం మంది జనవరి 1నే పుట్టారు. అమ్మను అడిగితే, "పెద్ద కరువు తెల్వదు నాకు, చిన్న కరువు తెల్సు" అంటుంది. ఆ లెక్కన నాలుగైదేళ్లు చిన్నదే అయ్యుండాలి. ఆధార్ కరువులను లెక్కపెట్టదు.

జనవరి 6న మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టాను. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఊరికొచ్చి ఇరుగుపొరుగును విచారించాలి. ఆయన రావడానికి పదిహేడు రోజులు పట్టింది. వచ్చింది గ్రామసభల వారంలో, వేరే పని మీద. మా అరుగు మీద కూర్చుని పంచనామా రాసి పక్కింటివాళ్లిద్దరితో సంతకాలు పెట్టించుకుని, చాయ్ తాగి పోయాడు. పావుగంట పని. చేతికి సర్టిఫికెట్ వచ్చేసరికి జనవరి ఆఖరు.

ఫిబ్రవరిలో ఆ మెసేజ్ వచ్చాక మా బావ ఫోన్ చేశాడు. "ఏటీఎం కార్డు ఉన్నది గద, పిన్ను తెల్సు గద, తీసేయి. ఊర్లె అందరు గదే చేస్తరు." పిన్ను నిజంగానే తెలుసు. నాయిన బ్యాంకు పాసుబుక్కు అట్ట లోపల పెన్సిలుతో రాసుకున్నాడు. ఆయన ఎద్దులు కొన్న తేదీ కూడా దాని కిందే ఉంది. అమ్మను అడిగా. "మీ నాయిన ఉన్నప్పుడు అడగకుంట ఆయన జేబుల చెయ్యి పెట్టినవా?" అంది. సరే అని బ్యాంకుకు పోయి మరణం సంగతి రాసిచ్చాను. ఖాతా ఆపేశారు. నామినీ అమ్మే కాబట్టి ఫారాలు, ఫోటోలు, డెత్ సర్టిఫికెట్ ఇచ్చాం. నలభై ఏడు రోజులకు తేలిందేమిటంటే, నాయిన పేరు మీద క్రాప్ లోను ఉంది కనుక ఆ ఖాతాలో ఉన్నదంతా దానికి జమ చేసుకున్నారని. 2024 జూలై 18న లక్ష లోపు రుణాలు మాఫీ అయినప్పుడు నాయిన అప్పు పోయింది. ఊరంతా చెప్పుకున్నాడు. మళ్లీ ఆగస్టులో తెచ్చాడని మాకు చెప్పలేదు. తొంభై వేలు. అప్పు అప్పే, కాదనను. కానీ కార్డు పెట్టి తీసుకున్న వాళ్లెవరికీ ఈ గతి పట్టలేదు. మళ్లీ అలాంటి రోజు వస్తే నేనేం చేస్తానో ఇప్పుడు చెప్పలేను.

ఇక పట్టా ఎవరి పేరు మీద చేయించాలి? నిజం చెప్తున్నా, మొదట నా పేరు మీదే అనుకున్నా. ఎవరూ అడగలేదు కూడా, కొడుకు పేరు మీదే కదా అన్నట్టే ఉంది ఇంట్లో. విరాసత్‌కు (వారసుల పేరుకు పట్టా మార్పిడికి) వారసులందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి, అంటే అమ్మ, నేను, చెల్లె. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం చెల్లె వచ్చింది. అన్నం తిన్నాక కాగితాలు ముందర పెట్టాను. చదివింది. "అన్నా, అమ్మ పేరు మీదైతే ఇప్పుడే చేస్త. నీ పేరు మీదైతే నా వాటా సంగతి మాట్లాడినంకనే చేస్త" అంది. గొంతు పెంచలేదు. బావ ఫోను చూస్తున్నట్టు కూర్చున్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్లుగా ఆ చేను మీద వంగి ఉన్న మనిషి ఎవరని ఆలోచిస్తే కోపానికి చోటు లేకపోయింది.

అదృష్టం ఏమిటంటే అదే కాగితాలపరంగా కూడా మంచిదయింది. నేను ఇన్‌కం టాక్స్ కట్టేవాణ్ని. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆరు వేలు టాక్స్ కట్టేవాళ్లకు రావు. పట్టా నా పేరు మీద అయ్యుంటే ఆ డబ్బు ఇంటికి ఎప్పటికీ వచ్చేది కాదు.

మార్చిలో, అప్పటి సర్కారు భూరికార్డుల పోర్టల్ ధరణిలో స్లాట్ బుక్ చేద్దామని పోతే పైన చెప్పిన పేరు తేడా దగ్గర ఆగింది. అఫిడవిట్ తెచ్చేసరికి, "కొత్త చట్టం వస్తున్నది, ఆగుండ్రి" అన్నారు. ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ధరణిలోనైతే స్లాట్ రోజే పని అయ్యేది. భూభారతిలో వారసులకు నోటీసులు, తహసీల్దార్ విచారణ, ముప్పై రోజుల్లో తేల్చాలన్నది రూలు. ఊళ్లో కొందరు ఇది ఆలస్యం అని తిట్టారు. నాకు మాత్రం అమ్మ పేరు, నా పేరు, చెల్లె పేరు వరసగా రాసిన నోటీసును పంచాయతీ గోడ మీద చూసినప్పుడు ఇదే నయమనిపించింది. అక్కాచెల్లెళ్లకు తెలియకుండా జరిగిన విరాసత్‌లు మా ఊళ్లోనే ఉన్నాయి, వేళ్లు మడిచి చెప్పగలను.

ఏప్రిల్ 22న అర్జీ పెట్టాం. ఫీజు ఎకరాకు 2,500 చొప్పున 7,125, పాసుబుక్కుకు 300. ఇది రసీదు ఉన్న డబ్బు. రసీదు లేనిది ఇంకోటి ఉంది. ఆఫీసు బయట వేపచెట్టు కింద టేబుల్ వేసుకుని కూర్చునే ఒకాయన ఉంటాడు. ఆఫీసులో ఉద్యోగి కాడు, ఆఫీసు సంగతులన్నీ ఆయనకే తెలుసు. ఎనిమిది వేలు అడిగాడు, "జూన్ ఐదు లోపు అయితేనే వానకాలం పైసలు, లేకుంటే పోయినట్టే" అని. మూడు వేలు ఇచ్చాను. అవి ఎవరికి పోయాయో, అసలు ఎవరికైనా పోయాయో నాకు తెలియదు. పని ముప్పై రోజుల్లో కాలేదు, ముప్పై ఏడు రోజులకు అయింది. ఇవ్వకున్నా అంతే పట్టేదేమో. ఇచ్చినందుకు సిగ్గుపడుతున్నా, కానీ ఖర్చుల్లో దాచలేను.

మధ్యలో మే నెలలో ఇంకో ముచ్చట. ఫార్మర్ రిజిస్ట్రీ అని ప్రతి రైతుకూ 11 అంకెల నంబరు ఇస్తున్నారని రైతువేదికకు రమ్మన్నారు. ఎటూ ఊళ్లోనే ఉన్నాను కదా, అమ్మకు ఏమేం కావాలో కనుక్కుందామని పోయాం. అమ్మ ఆధార్ నంబరు కొట్టగానే ఓటీపీ పోయింది. ఎక్కడికి? నాయిన ఫోనుకు. అమ్మకు ఫోను లేదు. ఎప్పుడో ఆధార్ దిగినప్పుడు ఆయన నంబరే రాయించారు. ఆ ఫోను ఇంట్లో టీవీ పక్కన ఉంది. అంతకంటే పెద్ద సంగతి, ఏప్రిల్‌లోనే దాని రీచార్జి అయిపోయింది. లైన్లో నిలబడే నా ఫోను నుంచి 199 వేశాను. మా పొలం కౌలుకు చేస్తున్న, తమ్ముడు వరసయ్యే అతనికి ఫోన్ చేస్తే బండి మీద పోయి ఆ ఫోను తెచ్చాడు. తెచ్చేలోపు మొదటి ఓటీపీ గడువు దాటింది. రెండోది వచ్చింది. ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) మేడం అంకెలు అడిగితే అమ్మ ఫోను నా చేతికివ్వకుండా తనే కళ్లకు దగ్గరగా పట్టుకుని ఒక్కో అంకె చదివింది. ఆమెకు అంకెలొస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. ఇంతా అయ్యాక, పట్టా అమ్మ పేరు మీదికి రాలేదు కనుక నంబరు ఇవ్వడం కుదరదు, పాసుబుక్కు అయ్యాక రండి అన్నారు.

స్లాట్ మే 29న వచ్చింది. ముగ్గురం, ఇద్దరు సాక్షులు, పొద్దున పదిన్నరకే పోయాం. పిలిచేసరికి రెండు దాటింది. సర్వరు నెమ్మదిగా ఉందన్నారు. నా వేలు పడింది. చెల్లె వేలు పడింది. అమ్మ వేలు పడలేదు.

కుడి బొటనవేలు పెట్టింది, ఎర్రలైటు. ఎడమది, ఎర్రలైటు. చూపుడు వేలు, నడిమి వేలు. ఆపరేటర్ కుర్రాడు మంచివాడు. తడిబట్ట తెచ్చి వేళ్లు తుడిచాడు. తర్వాత పొడిబట్ట. తర్వాత ఎవరో కొబ్బరినూనె చుక్క రాయమన్నారు. ఇంకెవరో తల వెంట్రుకలకు రుద్దుకో అవ్వా అన్నారు. అమ్మ బొటనవేలును నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గీతలు లేవు. పత్తి ఏరే వేలు, కాయ అంచులు గీసుకుపోయిన తెల్లటి గాట్లు అడ్డంగా ఉన్నాయి, అసలు గీతలు ఉండాల్సిన చోట గవ్వలాగా నున్నగా ఉంది. ఆమె ఒక్కో వేలు పెట్టి, ఎర్రలైటు వెలగగానే ఏదో తప్పు చేసినట్టు చెయ్యి వెనక్కి లాక్కునేది. పంతొమ్మిదిసార్లు. నేను లెక్కపెట్టాను. లోపల ఉన్న సారు, "రేపు రా అమ్మా, ఒక్కొక్కపారి మర్నాడు పడ్తది" అన్నాడు. రేపు అంటే ఇంకో సెలవు. చెల్లె అమ్మ చెయ్యి తీసుకుని తన చీర చెంగులో వెచ్చగా ఐదు నిమిషాలు పట్టుకుని కూర్చుంది. ఇరవయ్యోసారి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. పచ్చలైటు చూసి సాక్షిగా వచ్చిన పక్కింటి కాక చప్పట్లు కొట్టాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే స్లాట్‌కు వారం ముందు నుంచీ రోజూ రాత్రి వేళ్లకు నూనో వాజెలీనో రాయండి. ఏ వేలు పడిందో గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత అన్నిచోట్లా మేం "ఎడమచేతి ఉంగరపు వేలు" అని ముందే చెప్పేవాళ్లం.

అట్ట పాసుబుక్కు పోస్టులో రావడానికి ఇంకో నెల పట్టింది. కానీ ఆ రోజు ఇచ్చిన ప్రింటుతోనే ఏఈవో దగ్గరికి పోవచ్చు, నేను ఇది తెలియక నాలుగు రోజులు ఆగా. కొత్తగా పాసుబుక్కు వచ్చినవాళ్లు జూన్ 20 లోపు దరఖాస్తు ఇవ్వాలన్నారు. జూన్ 9న ఇచ్చాం. ఫారం, పట్టా కాపీ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్స్. ఏఈవో మేడం మా ముందే ఎంట్రీ చేసి చూపించింది. ఇంత సులభమా అనుకుంటూ బస్సెక్కాను.

జూన్ 16న డబ్బులు వేయడం మొదలైంది. మొదట తక్కువ భూమి ఉన్నవాళ్లకు, తర్వాత ఎక్కువ ఉన్నవాళ్లకు. వాట్సాప్‌లో మా వాడకట్టు గ్రూపు నిండా బ్యాంకు మెసేజ్‌ల ఫోటోలు. జూన్ 24న తొమ్మిది రోజుల్లో తొమ్మిది వేల కోట్లు వేశామని హైదరాబాదులో పండుగ చేశారు. మా ఆఫీసు దారిలో ఆ సభ ఫ్లెక్సీల కింది నుంచే పోయాను. అమ్మ ఖాతాలో జన్‌ధన్ నాటి మూడు వందల ఎనభై రూపాయలే ఉన్నాయి.

27న మళ్లీ రైతువేదిక. మేడం లాగిన్‌లో చూసి, "డబ్బులు పోయినయ్, తిరిగొచ్చినయ్" అంది. ఎందుకంటే అమ్మ ఖాతా ఉన్న బ్యాంకు ఆ ఏడాది జనవరిలో ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత పాసుబుక్కు మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఇక చెల్లదు. మేం జిరాక్స్ ఇచ్చింది ఆ పాతదే. ఇది ఎవరి తప్పూ కాదు, మా తప్పే. ఖాతా పుస్తకం అట్ట చిరగలేదు కదా అని అదే పట్టుకెళ్లాం. బ్యాంకుకు పోయి, వాడకపోవడం వల్ల ఆగిపోయిన ఖాతాకు కేవైసీ చేయించి, కొత్త పుస్తకం ప్రింటు చేయించి ఆ సాయంత్రమే ఇచ్చాం. ఇరవై రెండు రోజుల తర్వాత, జూలై 19న పడ్డాయి. 17,100.

ఇక ఖర్చు లెక్క. ఫీజులు 7,425. స్టాంపు పేపర్లు, నోటరీ 500. మీసేవ, జిరాక్సులు, ఫోటోలు 640. చెట్టు కింది ఆయనకు 3,000. బస్సులు, బండి పెట్రోలు 4,800. మొత్తం 16,365. మొదటి దఫా డబ్బులో మిగిలింది 735 రూపాయలు. నా సెలవులు తొమ్మిది, అవి లెక్కలోకి తేలేదు. పట్టా ఎలాగూ మార్చుకోవాల్సిందే కదా, ఆ ఖర్చంతా రైతుభరోసా మీద వేయడం న్యాయం కాదని బావ అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. కానీ ఆ గడువులు లేకుంటే ఇంత ఉరుకులాడేవాళ్లమూ కాదు, చెట్టు కింద మూడు వేలూ ఇచ్చేవాళ్లమూ కాదు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉన్న సంగతి. నాయిన పోయాక అమ్మ ఒక్కతే చేయలేక రెండెకరాలు కౌలుకిచ్చాం. ముప్పై నాలుగు గుంటలు మాత్రం అమ్మ చేతిలో ఉంది. ఓటీపీ కోసం ఫోను తెచ్చాడని చెప్పిన తమ్ముడే కౌలుదారు. విత్తనం అతనిది, మందు అతనిది, కూలీ అతనిది. రైతుభరోసా పట్టాదారుకే పడుతుంది. జూలై 19 సాయంత్రం అతను ఇంటికొచ్చి, "అన్నా, పైసలు పడ్డయంట గద" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఆ పత్తిచేలో ఒక్క గంట కూడా దిగలేదు ఆ ఏడాది. అమ్మ లోపలికి పోయి మూడు వేలు తెచ్చి అతని చేతిలో పెట్టి, "కౌలుల పట్టుకోకు, మందు కట్టలకు వాడుకో" అంది. నన్ను అడగలేదు. అంతకంటే ఎక్కువ ఇవ్వాల్సిందా? ఇవ్వాల్సిందే అనుకుంటా. ఇవ్వలేదు.

ఆగస్టులో యూరియా కొరత వచ్చింది చూడండి, అప్పుడు కొత్త పాసుబుక్కు అసలు విలువ తెలిసింది. 266 రూపాయల కట్ట కోసం పొద్దున నాలుగింటికి పోయి చెప్పులు వరసలో పెట్టి వచ్చేవాళ్లు. పాసుబుక్కు జిరాక్సు, ఆధార్ ఉంటేనే ఇచ్చేది. కౌలుదారుకు తన పేరు మీద భూమి లేదు. అమ్మను వెంట తీసుకుపోయి లైన్లో నిలబెట్టుకున్నాడు. రెండు కట్టలు దొరికాయి. అక్కడ కూడా మిషన్ మీద వేలు. ఎడమచేతి ఉంగరపు వేలు.

పీఎం కిసాన్ కథ చిన్నదే కానీ పొడుగాటి ఎదురుచూపు. నాయిన పోయాక కూడా, 2025 ఫిబ్రవరి 24న 19వ విడత రెండు వేలు ఆయన ఖాతాలో పడ్డాయి. ఆ డబ్బు మీకు చెందదు, వాపసు కట్టాలన్నారు. పోర్టల్‌లో వాపసు చేసే ఆప్షన్ ఉంది. బ్యాంకు లోనులోకి పట్టుకున్న ఆ రెండు వేలను నా జేబులోంచి కట్టాను. పైన మిగిలిందన్న 735 కూడా ఇలా పోయింది.

అమ్మ పేరు మీద కొత్త రిజిస్ట్రేషన్ జూలై 21న చేయించాం. ఇక్కడ ఒక్కటి జాగ్రత్త. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరు మారినవాళ్లకు ఈ పథకం రాదు, వారసత్వంగా వచ్చినవాళ్లకు తప్ప. ఫారంలో భూమి ఎలా వచ్చిందన్న దగ్గర భర్త మరణం వల్ల అన్నదే ఎంచుకోవాలి. మా మీసేవ అబ్బాయి తొందరలో వేరేది నొక్కబోతే ఆపాను. ఈకేవైసీకి వేలు పడకపోతే ఫోనులో ముఖంతో కూడా చేయొచ్చు. యాప్ కళ్లు ఆర్పమంటుంది. అమ్మ గట్టిగా మూసుకుని తెరవలేదు, "అయ్యిందా?" అని అడుగుతూ. నాలుగోసారికి అయింది. అందరం నవ్వాం. నాయిన పోయాక ఆ ఇంట్లో అమ్మ అంతగా నవ్వడం అదే మొదలు.

ఆగస్టు 2న 20వ విడత పడింది, మాకు కాదు. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడు మెట్లు దాటాలి. స్టేటస్ చూడడం ఒక జబ్బులా పట్టుకుంది నాకు, ఆఫీసులో భోజనం చేస్తూ కూడా చూసేవాణ్ని. అక్టోబర్ 14న ఆమోదం వచ్చింది. నవంబర్ 19న 21వ విడత వేశారు. 22న అమ్మ బ్యాంకుకు పోయి పుస్తకం ప్రింటు చేయించింది. ఏమీ లేదు.

24న ఏఈవో మేడంకు ఫోన్ చేశాను. "అన్నా, బ్యాంకుల ఎందుకు చూస్తున్నరు? ఆధార్ ఏ ఖాతాకు లింకున్నదో దాంట్ల పడ్తయ్" అంది. రైతుభరోసా మనం రాసిచ్చిన ఖాతా నంబరుకు పోతుంది. పీఎం కిసాన్ ఆధార్ చివరగా దేనికి లింకయిందో దానికి పోతుంది. ఈ ముక్క ముందే తెలిసుంటే బాగుండు. అమ్మ ఆధార్ లింకయి ఉన్నది ఉపాధిహామీ కూలి కోసం ఎప్పుడో తెరిచిన పోస్టాఫీసు ఖాతాకు. ఆ ఖాతా ఉందన్న సంగతే మేం మర్చిపోయాం. మా ఊరి పోస్టుమాస్టర్ చిన్న మిషన్ పట్టుకుని ఇంటికే వచ్చాడు. రెండు వేలు అక్కడే ఉన్నాయి. వాటి పక్కన ఎప్పటివో ఉపాధి కూలి 1,140 కూడా ఉన్నాయి. మొత్తం తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, అందులోంచి రెండు వందలు తీసి నాకిచ్చింది. ఎందుకమ్మా అన్నాను. ఆధార్‌కు నా నంబరు లింకు చేయిస్తా, ఎన్నిసార్లు చెప్పినా వద్దంటోంది. టీవీ పక్కన ఉన్న చిన్న ఫోను వైపు చెయ్యి చూపించింది.

"ఎల్లుండితోని అయిపోతది. రీచార్జి ఎయ్యి."